పైకప్పు మీద పల్లం

తుమ్మికోట తహసీల్దారు కార్యాలయంలో రికార్డు గది కప్పు కారుతోందని, ఆ గది చూసుకునే పొట్నూరు దాలినాయుడు ఆరేళ్లలో పదకొండు ఉత్తరాలు రాశాడు. మొదటి దాంట్లో "కారుచున్నది" అని రాశాడు. నాలుగో దాంట్లో "ధారగా కారుచున్నది" అన్నాడు. పదకొండో దాంట్లో కొత్తగా ఏం రాయాలో తోచక, వెనకటి పది ఉత్తరాల నంబర్లూ తేదీలూ వరసగా ఎక్కించి, తగు చర్య కోరుతూ ముగించాడు. చర్య తీసుకున్నారు. కప్పుకు సిమెంటు పూయించడం మాని, కప్పు మీద గడ్డి పెంచమని ఉత్తర్వు పంపించారు.

నిజం చెప్పాలంటే ఆ ఉత్తర్వు దాలినాయుడికి జవాబు కాదు. అతని ఉత్తరాలను పైన ఎవరూ చదవలేదు. జరిగిందేమిటంటే, పెద్ద అధికారి ఒకాయన ఏదో చల్లటి దేశానికి శిక్షణకని వెళ్లి, అక్కడ మేడల మీద పచ్చిక పెరగడం చూసి ముచ్చటపడ్డాడు. ముచ్చటపడిన మామూలు మనిషి ఇంటికొచ్చి పెళ్లాంతో చెప్పుకుని ఊరుకుంటాడు. ముచ్చటపడిన అధికారి ఊరుకోడు. ఆయన దిగిన ఆరు వారాలకు 'హరిత పైకప్పు మహోద్యమం' పుట్టింది, దానికొక విభాగం పుట్టింది, ఆ విభాగానికి ఒక జాయింటు డైరెక్టరూ, ఆయనకొక జీపూ ఏర్పడ్డాయి.

ఉత్తర్వుతో పాటు ప్రయోజనాల పుస్తకం ఒకటి వచ్చింది. పైకప్పు మీద జానెడు మట్టి పోసి పచ్చిక పెంచితే కింది గదులు చల్లబడతాయట. వాననీరు ఒక్కసారిగా వీధిలో పడకుండా మట్టిలో ఆగుతుందట. పిట్టలూ సీతాకోకచిలుకలూ వస్తాయట. కరెంటు మిగులుతుందట. ఉద్యోగులకు మనశ్శాంతి కలిగి ఫైళ్లు వేగంగా కదులుతాయట. ఇందులో అబద్ధమేమీ లేదు. గట్టి కప్పు ఉండి, దాని మీద నీరు దిగని పొర పరిచి, మిగులు నీరు పోయే దారి చేసి, తెలిసినవాళ్లు పెంచితే ఆ ఫైళ్ల సంగతి తప్ప తక్కినవన్నీ జరుగుతాయి. తుమ్మికోటలో గట్టి కప్పు లేదు, నీరు పోయే దారి లేదు, తెలిసినవాళ్లు లేరు. ఉత్తర్వు ఉంది.

తహసీల్దారు పరాంకుశం గారు సిబ్బందిని సమావేశపరిచి ముప్పావుగంట మాట్లాడారు. ఆయన ఏ పథకం వచ్చినా అంతసేపే మాట్లాడతారు, అందులో సగం మాటలు కిందటి పథకానివి. ఆయన కూర్చున్నాక దాలినాయుడు లేచి, కప్పు ఇప్పటికే కారుతోందని, మట్టి పోసి నీళ్లు పెడితే రికార్డులు బతకవని చెప్పుకున్నాడు.

పరాంకుశం గారు జాలిగా చూశారు. "నాయుడూ, కారడం అనేది ప్రతికూల దృక్పథం. నీరు దిగుతోందంటే కప్పుకు గ్రహణశక్తి ఉన్నదన్నమాట. మట్టి పరిస్తే ఆ నీటిని మట్టి గ్రహిస్తుంది. సమస్యకూ పరిష్కారానికీ మధ్య నువ్వు అడ్డు నిలబడకు" అన్నారు.

దాలినాయుడు కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో అతనికి బాగా వచ్చిన విద్య అదే.

సూరీడమ్మ మొదటిసారి వచ్చింది ఆ మట్టి పైకి మోస్తున్న వారంలోనే. గుల్లపేట మనిషి, చింతాడ వారి కోడలు, అరవై దాటింది. భర్త పోయి తొమ్మిదేళ్లు. మామ ఇచ్చిపోయిన ఎనభై సెంట్లలో నువ్వులూ చోళ్లూ వేసుకుని ఎవరి గడప తొక్కకుండా బతుకుతోంది. పక్క పొలం కొన్న పట్నం ఆసామి ఒకడు కొలత వేయించి, ఆ ఎనభై సెంట్లూ తనవేనని రాళ్లు పాతి ముళ్లకంచె వేశాడు. కంప్యూటరులో చూస్తే అతని పేరే ఉంది. అదెలా ఎక్కిందని కంప్యూటరును నిలదీసే నాథుడు లేడు. ఆమె ఆర్డీవో గారికి అర్జీ పెట్టుకుంది. పాత రికార్డులో మామ పేరుంటే తహసీల్దారు ధ్రువీకరించిన నకలు జూలై పదో తేదీ వాయిదాకు తెమ్మని, తేలేకపోతే కంప్యూటరులో ఉన్నదే ఖాయం చేస్తానని ఆయన తేల్చి చెప్పాడు.

దాలినాయుడు రెండు రోజులు వెతికాడు. అతని గదిలో ఊరికొక కట్ట చొప్పున ఎర్రగుడ్డలో కట్టిన పాత అడంగళ్లు ఉన్నాయి. ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నారో, ఏం పండించారో డెబ్బయి ఏళ్ల నాటి కరణాలు పుల్లకలంతో రాసినవి. నలభై ఒకటో కట్టలో అరవై మూడో పేజీ తెరిస్తే చింతాడ రామినాయుడు, ఎనభై సెంట్లు అని కనబడింది. సూరీడమ్మకు చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాడు.

"ఇతనేనా మా మావ?" అంది. కాసేపు వేలు తియ్యలేదు. "ఎంత సన్నగ రాసినారు బావూ" అంది.

నకలు ఆ రోజే ఇచ్చేయవచ్చు, పావుగంట పని. కానీ నకలు కావాలంటే సేవా కేంద్రంలో అర్జీ చెయ్యాలి, అది కంప్యూటరులో నడిచి రావాలి. ఆ అర్జీ ఒకసారి ఇంటిపేరు ముందు ఉందని తిరిగొచ్చింది, ఇంకోసారి ఇంటిపేరు వెనక ఉందని తిరిగొచ్చింది. మూడోసారికి జూన్ నెల నడుస్తోంది.

ఈలోగా పైకప్పు పూర్తయింది. పుస్తకంలో చెప్పిన నీరు దిగని పొర నీలం రంగు చుట్టగా లారీలో వచ్చిన మాట నిజమే. అయితే ప్రారంభోత్సవం రోజున పొద్దుటి నుంచీ మబ్బు పట్టింది. అతిథులు తడవకూడదు గనుక ఆ చుట్ట విప్పి వెదురు గుంజల మీద పందిరి వేశారు. అతిథులు వచ్చేసరికి పైన పచ్చదనం కనబడాలి గనుక, పొర లేకుండానే మట్టి పోసి, నర్సరీ నుంచి తెచ్చిన పచ్చిక పలకలను చాపల్లా పరిచేశారు. రిబ్బను కత్తిరించారు. జాయింటు డైరెక్టరు గారు పచ్చిక మీద చెప్పులు విప్పి నాలుగడుగులు నడిచి, భూమాతతో సంభాషించినట్టుందన్నారు. పందిరి విప్పాక నీలం చుట్టను ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పరిచిన పచ్చికను ఎత్తడం హరిత వ్యతిరేక చర్య అవుతుంది. అందుచేత ఆ చుట్టను జాగ్రత్తగా జీపు మీద కప్పారు.

మర్నాటి నుంచి ప్రయోజనాలు మొదలవ్వాలి. నెలనెలా నివేదిక పంపాలి కదా. కింద చల్లబడినట్టు రుజువు కావాలని పరాంకుశం గారు ముందుగా అన్ని గదుల్లోనూ ఫ్యాన్లు ఊడదీయించారు. ఫ్యాన్లు తిరుగుతుంటే చల్లదనం పచ్చికదో ఫ్యానుదో ఎలా తెలుస్తుందన్నది ఆయన ప్రశ్న.  మే నెల ఎండలో గుమాస్తాలు అర్జీలతో విసురుకుంటూ పని చేశారు. కరెంటు మిగిలింది, అది ఒక ప్రయోజనం. ఉష్ణమాపకం ఎక్కడ తగిలించాలన్న చర్చ వచ్చినప్పుడు, అన్నిటికన్నా చల్లగా ఉన్న గోడ ఏదో తడిమి చూశారు. రికార్డు గది ఉత్తరపు గోడ. అక్కడ పచ్చికకు పెట్టిన నీళ్లు చెమ్మగా దిగుతున్నాయి. దాలినాయుడు ఆ సంగతి చెబితే, చల్లదనం ద్రవరూపంలో లోపలికి వ్యాపిస్తోందని నివేదికలో రాయించారు.

అంతవరకూ ఇది మామూలు తెలివితక్కువతనమే. ఏ కార్యాలయంలోనైనా జరిగేదే. తుమ్మికోట మిగతా కార్యాలయాలను మించిపోయింది ఏడో గడి దగ్గర.

నివేదిక పంపే నమూనాను కొత్తగా తయారుచేసే ఓపిక లేక, రోడ్డు పక్క మొక్కలు నాటే పాత పథకం నమూనానే పేరు మార్చి పెట్టారు. ఏడో గడిలో "మట్టి ఉన్న భూమి సర్వే నంబరు, తరగతి, హద్దులు, సాగుదారు పేరు" అని ఉంది. ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోలేదు. "వర్తించదు" అని కొడితే అలాంటి సర్వే నంబరు జిల్లాలో లేదంది. ఆసుపత్రి వాళ్లయితే తోచిన అంకె వేసి పంపేద్దురు. బడి వాళ్లయితే బడి నంబరు వేద్దురు. వీళ్లు రెవెన్యూ వాళ్లు. మట్టి కనబడితే అది ఎవరి ఖాతాలో ఉందని అడగకుండా ఉండలేరు. పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించి, "మట్టి ఉన్నచోట భూమి ఉన్నట్టే. భూమి ఉన్నచోట లెక్క ఉండాలి. కొలిపించండి" అన్నారు.

సర్వేయరు కింతలి గురువులు నిచ్చెన ఎక్కి కొలిచాడు. కార్యాలయం ఉన్న స్థలం నంబరు 112 కాబట్టి దీన్ని 112/పై అన్నాడు. విస్తీర్ణం ఆరున్నర సెంట్లు. నాలుగు మూలలా హద్దురాళ్లు పాతాలంటే జానెడు మట్టిలో నిలవడం లేదని, కప్పును కాస్త తొలిచి పాతించాడు. హద్దులు రాసేటప్పుడు తూర్పున ఆకాశం, దక్షిణాన ఆకాశం, పడమర నీళ్ల ట్యాంకు, ఉత్తరాన మరుగుదొడ్డి గాలిగొట్టం అని రాశాడు. తరగతి దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. నీళ్లు నిలుస్తున్నాయి కాబట్టి మెట్ట అనడానికి వీల్లేదు. చివరకు పల్లం అని ఖాయం చేశారు. జిల్లాలో అంత ఎత్తున ఉన్న పల్లం మరొకటి లేదు. సాగుదారు పేరు దగ్గర తహసీల్దారు అని, పంట దగ్గర పశుగ్రాసం అని పడింది. కంప్యూటరు ఒక్క ప్రశ్న వెయ్యకుండా తీసుకుంది.

సరిగ్గా తొమ్మిది రోజులకు జిల్లా కార్యాలయం నుంచి హెచ్చరిక వచ్చింది. సాగుభూముల్లో అనుమతి లేకుండా లేచిన కట్టడాలను ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో పట్టే ఏర్పాటు ఒకటి ఉంది. అది 112/పై అనే పల్లపు భూమిలో నాలుగు గదులూ వరండాతో కూడిన కట్టడం ఒకటి ఉందని, దానికి భూమి మార్పిడి అనుమతి లేదని కనిపెట్టింది. సదరు కట్టడంపై ఏడు రోజుల్లో చర్య తీసుకుని తెలియజేయవలసిందిగా తహసీల్దారును కోరారు.

అది మన ఆఫీసే కదా సార్, పైకప్పు కింద ఇల్లుండక ఏముంటుంది, అని జిల్లాకు రాసేద్దామని దాలినాయుడు అన్నాడు. అతనితో పాటు గురువులు కూడా అన్నాడు. పరాంకుశం గారికి కోపం వచ్చింది. కిందటేడు అక్రమ కట్టడాల తొలగింపులో జిల్లాలో ఆయనదే మొదటి స్థానం. పేదవాళ్ల రేకుల షెడ్లు పదిహేడు తీయించి శాలువా కప్పించుకున్నారు. "చట్టం ముందు తహసీల్దారుకు మినహాయింపు ఉన్నదని రేపు ఎవరైనా అంటే మనం తల ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు.

ఆయన ఆయనకే నోటీసు ఇచ్చుకున్నారు. అందినట్టు సంతకం చేశారు. వ్యక్తిగత విచారణకు పదకొండు గంటలకు రమ్మని రాసి ఉంది గనుక, పదకొండుకు తన కుర్చీలోంచి లేచి బల్లకు ఇవతల అర్జీదారులు కూర్చునే బెంచీ మీద పది నిమిషాలు కూర్చున్నారు. వాంగ్మూలం దాలినాయుడు రాసుకున్నాడు. కట్టడం 1968 నుంచి ఉన్నదని, అప్పటికి ఈ భూమి పుట్టలేదని ఆక్రమణదారు విన్నవించుకున్నాడు. తర్వాత ఆయన కుర్చీలోకి వెళ్లి, సంజాయిషీ సంతృప్తికరంగా లేదని ఉత్తర్వు చెప్పారు. చెప్పేటప్పుడు గొంతు కొంచెం కఠినంగానే ఉంది.

కట్టడానికి సీలు వెయ్యడం గురువారం అని నిర్ణయించారు. సూరీడమ్మను నకలు కోసం దాలినాయుడు రమ్మన్నదీ ఆ గురువారమే.

ఆమె మొదటి బస్సుకే వచ్చింది. నకలు తయారై తహసీల్దారు బల్ల మీద సంతకానికి ఉంది. ఇంతలో అందర్నీ బయటికి పంపి తలుపులకు లక్క సీళ్లు వేశారు. దాలినాయుడు పరుగున వెళ్లి, ఒక్క సంతకం సార్, ముసలావిడ వాయిదా ఉంది, పోనీ ఆ నలభై ఒకటో కట్ట ఒక్కటీ బయటికి తీసుకోనివ్వండి, పైన రాళ్లు పాతినచోట కప్పు చీలింది, వాన వస్తే దాని మీదే పడుతుంది, అని బతిమాలాడు.

"అక్రమ కట్టడంలోంచి తెచ్చిన నకలు సక్రమం ఎలా అవుతుంది నాయుడూ? నీ మంచికే చెబుతున్నాను. పంచనామా కాకుండా లోపలి నుంచి గుండుసూది కూడా కదలరాదు" అన్నారు పరాంకుశం గారు.

"ఏటంటన్నారు బావూ?" అని సూరీడమ్మ అడిగింది.

భూమి మార్పిడి అనుమతి వచ్చాక తలుపు తీస్తారమ్మా, అని దాలినాయుడు చెప్పాడు. ఎవరి భూమి అని ఆమె అడిగితే పైకప్పు చూపించాడు. ఆమె అటు చూసి, అతని వంక చూసి, బస్సు దారి పట్టింది. వేళాకోళం ఆడుతున్నాడేమోనని బాధపడి ఉంటుంది.

ఆ రోజు నుంచి తుమ్మికోట మండల పరిపాలన సైకిళ్ల షెడ్డులో సాగింది. మార్పిడి అనుమతికి దరఖాస్తు పెట్టారు. పెట్టుకున్నది తహసీల్దారు, పరిశీలించవలసింది తహసీల్దారు, కాబట్టి రెండు రోజుల్లో తెమిలిపోవాలి. కానీ దరఖాస్తుకు 112 నంబరు పాత అడంగల్ నకలు జతపరచాలి. ఆ అడంగల్ సీలు వేసిన గదిలో ఉంది. అది లేనిదే అనుమతి రాదు, అనుమతి లేనిదే సీలు తియ్యరు. పరాంకుశం గారు ఆ దరఖాస్తును అసంపూర్తిగా ఉన్నదని తిప్పి పంపి, తిరిగొచ్చిన దాన్ని చూసి నిట్టూర్చారు.

జూన్ ఆఖరి వారంలో వానలు పట్టాయి. దాలినాయుడు రోజూ సైకిళ్ల షెడ్డులో కూర్చుని ఎదురుగా ఆ కప్పు వంక చూసేవాడు. పచ్చిక మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతోంది. వాన కురిసినంత నీటినీ మట్టి పట్టేస్తోంది, ఒక్క చుక్క వీధిలోకి రావడం లేదు. ఆ నీరు ఎక్కడికి పోతోందో అతనికి తెలుసు. రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్లాడు. గట్టిగా ఒక్క తన్ను తంతే ఊడే తలుపు అది. సీలు ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. రెండుసార్లూ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఆ పిరికితనం తలుచుకుంటే అతనికి ఇప్పటికీ అన్నం సయించదు.

జూలై పదిన సూరీడమ్మతో తనే ఆర్డీవో కార్యాలయానికి వెళ్లాడు. ఏప్రిల్‌లో ఆ పేజీకి ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాడు, అది చూపించాడు. ఆర్డీవో గారు మంచివాడే. ఫొటో చూసి, పేరు చదివి, ఇది నిజమే అయి ఉండవచ్చునన్నాడు. కానీ ఫోను మీద ముద్ర వెయ్యలేను కదా అన్నాడు. ఇరవై రోజులు గడువిచ్చి, అసలు రిజిస్టరు గానీ ధ్రువీకరించిన నకలు గానీ తెమ్మన్నాడు.

తలుపులు సీలు వేసిన ముప్పై ఏడో రోజున తెరుచుకున్నాయి. సూరీడమ్మ కోసం కాదు. చల్లదనం కొలవడానికి జాయింటు డైరెక్టరు గారు వస్తున్నారు. కొలత లోపల తియ్యాలి గనుక, గంటసేపు తాత్కాలిక సడలింపు ఇస్తూ పరాంకుశం గారు ఉత్తర్వు వేశారు.

తలుపు తీయగానే ముతక వాసన కొట్టింది. కప్పు చీలికల్లోంచి గడ్డి వేళ్లు గుత్తులుగా కిందికి వేలాడుతున్నాయి. కట్టల మీద తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. దాలినాయుడు తిన్నగా నలభై ఒకటో కట్ట దగ్గరికి వెళ్లి గుడ్డ విప్పాడు. రిజిస్టరు అట్ట చేతికొచ్చింది. లోపలి కాగితం నానిన అటుకుల్లా వేళ్లకు అంటుకుంది. అరవై మూడో పేజీ ఏదో తెలియలేదు. అసలు పేజీలే లేవు, నీలం సిరా మరకల ముద్ద ఉంది. అతను దాన్ని రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. తహసీల్దారు బల్ల మీది నకలు మీద కప్పు పెచ్చు ఊడిపడి, ఆ కాగితం కూడా చివికిపోయింది.

జాయింటు డైరెక్టరు గారు ఉష్ణమాపకం చూసి పొంగిపోయారు. బయటికన్నా ఆరు డిగ్రీలు తక్కువ. రాష్ట్రంలో ఇంత చల్లటి గది మరొకటి లేదన్నారు. వేళ్లను ముట్టుకుని, నిర్మాణంతో ప్రకృతి మమేకమైందన్నారు. పుట్టగొడుగులకు ఫొటో తీయించి, జీవవైవిధ్యం కింద చేర్చమన్నారు. దాలినాయుడి చేతిలోని ముద్దను చూసి, ఎరువు కూడా తయారవుతోందా అని మెచ్చుకున్నారు.

అన్నీ బాగున్నాయి గానీ నివేదికలో జీవనోపాధి గడి ఖాళీగా ఉందని ఆయన ఎత్తి చూపారు. పచ్చిక కోసే పని స్థానికంగా భూమిలేని నిరుపేద మహిళకు ఇవ్వాలి, అలా ఇచ్చినట్టు ధ్రువపత్రం జతచేస్తే తుమ్మికోట ఆదర్శ కార్యాలయం అవుతుంది. పరాంకుశం గారు వారం రోజుల్లో చేస్తానని మాట ఇచ్చారు. వెతికి చూస్తే దొరకడం కష్టమైంది. ఊళ్లో ప్రతి పేదరాలికీ కంప్యూటరులో రెండు మూడు సెంట్లు ఎక్కి ఉన్నాయి, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

గడువు ముగిసింది. రికార్డు లభ్యం కానందున కంప్యూటరులో ఉన్న పేరునే ఖాయం చేస్తూ ఆర్డీవో గారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు నకలు తుమ్మికోటకు వచ్చిన రోజున పరాంకుశం గారు దాన్ని రెండుసార్లు చదివి, ముఖం విప్పార్చుకుని దాలినాయుడిని పిలిచారు.

"ఈ సూరీడమ్మ అనే స్త్రీకి ఇప్పుడు సెంటు భూమి లేదు కదూ? పాపం. మనం ఆదుకోవాలి. గడ్డి కోసే పని ఈమెకే ఇద్దాం. రావలసిందిగా కబురు చెయ్యి."

దాలినాయుడు ఆయన ముఖంలోకి చూశాడు. ఎగతాళి లేదు, దురుద్దేశం లేదు. ఆ మనిషి నిజంగానే జాలిపడుతున్నాడు. దాలినాయుడికి అంత అసహ్యం తన జీవితంలో ఎవరి మీదా కలగలేదు. అందులో సగం తన మీద.

భూమిలేని నిరుపేద ధ్రువపత్రానికి సూరీడమ్మ అర్జీ చెయ్యలేదు, కేంద్రానికి వెళ్లలేదు, ఇంటిపేరు ముందా వెనకా అని ఎవరూ అడగలేదు. మూడు గంటల్లో తయారైంది. పరాంకుశం గారు ఇతర కాగితాల దొంతరలో పెట్టి చదవకుండానే సంతకం చేశారు, గుండ్రటి ముద్ర పడింది. సూరీడమ్మ సైకిళ్ల షెడ్డులో బెంచీ చివర కూర్చుంది. కంచె వేసిన దగ్గర్నుంచీ మనిషి సగమైపోయింది. దాలినాయుడు సిరా పెట్టె తెచ్చి కాగితం ముందు పెట్టాడు.

"ఇందల ఏటి రాసినారు బావూ?"

"నీకు భూమి లేదని రాశారమ్మా. లేదు కాబట్టి ఈ పైకప్పు మీద గడ్డి కోసే పని ఇస్తారట."

ఆమె వేలు సిరాలో పెట్టబోయి ఆగింది. "మొన్న సైత్రం దాకా నాకు భూముండీది గదా. అది ఎలగ పోనాదో, ఎవులు పోగొట్టినారో రాసినారా?"

"లేదమ్మా."

"అయితే అదీ రాయండి. రాసినాక ఏలిముద్ర ఏస్తాను. ఉత్తినే భూమి నేదని రాసేస్తే, నాను పుట్టుకతోనే నేందాన్ననుకుంటారు బావూ."

దాలినాయుడు కాగితం తనవైపు తిప్పుకున్నాడు. సంతకానికి పైన నాలుగు వేళ్ల జాగా ఖాళీగా ఉంది. జేబులోంచి కలం తీసి, తొందరపడకుండా, కరణాలు రాసినట్టు సన్నటి అక్షరాలతో రాశాడు. గుల్లపేటలో చింతాడ రామినాయుడి పేర ఎనభై సెంట్ల భూమి నలభై ఒకటో కట్ట అరవై మూడో పేజీలో నమోదై ఉండగా తాను ఏప్రిల్ నెలలో కళ్లారా చూశానని, దాని నకలు తయారైనా సంతకం పెట్టకుండా ఈ కార్యాలయం తనకు తానే సీలు వేసుకున్నదని, లోపల ఆ రిజిస్టరు పైకప్పు నీటికి నాని నశించినదని, ఈమెకు భూమి లేకుండా చేసినది ఈ కార్యాలయమేనని రాశాడు. కింద తన పేరూ హోదా తేదీ వేసి పొడి సంతకం పెట్టాడు. ఆమెకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదవమంది. చదివాడు. అప్పుడు వేలిముద్ర వేసింది.

"ఇది పనికని ఇక్కడ ఇవ్వకు. నేరుగా పట్నం వెళ్లి వకీలుకి చూపించు. పైన అప్పీలు ఉంటాది. తహసీల్దారు సంతకం, ముద్ర ఉన్న కాగితం ఇది, ఫొటో కాదు. నన్ను సాక్ష్యానికి పిలిస్తే వస్తాను" అన్నాడు.

సూరీడమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రొంటిన దోపుకుని పదకొండున్నర బస్సుకు వెళ్లింది. పైన గడ్డి మోకాలెత్తు పెరిగి గాలికి ఊగుతోంది. షెడ్డు అవతలి కొస నుంచి పరాంకుశం గారు, ఆ ధ్రువపత్రం ఏదయ్యా, నివేదికతో జతచెయ్యాలి, అని కేకేశారు. దాలినాయుడు తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కుని, నోటీసు రాకముందే తన సంజాయిషీ రాయడం మొదలుపెట్టాడు.